బెట్టలో వేరు, తడిలో ఆకు: చీనీ చెట్టులో ఇథిలీన్ తయారీ

చీనీ తోటను బెట్టకు వదిలి పూత రప్పించడం ఇడుపులపాయ, వేంపల్లె, పులివెందుల ప్రాంత రైతులకు కొత్త కాదు. కొన్నాళ్లు నీళ్లు ఆపుతారు. చెట్టు వాడిందనిపించాక తడి పెడతారు. చిగురుతో పాటు పూత వస్తుంది. అయితే బెట్టలో కొమ్మను వదలని ఆకు కూడా నీరందాక రాలుతుంటుంది. నీటి కొరతే కారణమైతే నీరిచ్చాక ఎందుకు రాలాలి? ఆకు రాలుడును ప్రేరేపించే వాయువైన ఇథిలీన్‌ను తయారుచేసే రెండు ఎంజైములు చెట్టులో ఎక్కడ, ఎప్పుడు పనిచేస్తాయో చూస్తే ఈ చిక్కు విడుతుందని నా వాదన.

ఇథిలీన్‌కు ముడిసరుకు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం. ఏటీపీ తోడుతో అది ఎస్-అడినోసిల్ మెథియోనిన్‌గా మారుతుంది. దాని నుంచి ఏసీసీ అనే చిన్న అణువును విడదీసేది ఏసీసీ సింథేజ్. దీనికి విటమిన్ బి6 రూపమైన పైరిడాక్సల్ ఫాస్ఫేట్ కావాలి. మధ్యస్థ పదార్థమైన ఏసీసీని 1979లో కాలిఫోర్నియాలో ఆడమ్స్, షాంగ్ ఫా యాంగ్ గుర్తించారు. ఏసీసీ విడిపోగా మిగిలిన గంధకపు భాగాన్ని మొక్క పారేయదు, తిప్పి మెథియోనిన్‌గా మార్చుకుంటుంది. ఈ చక్రానికి యాంగ్ పేరే స్థిరపడింది. చివరి మెట్టు ఏసీసీ ఆక్సిడేజ్‌ది. ఇనుము, ఆస్కార్బిక్ ఆమ్లం, ఆక్సిజన్ ఉంటేనే అది ఏసీసీని ఇథిలీన్‌గా మార్చగలదు. వెంట కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ కూడా పుడతాయి. సైనైడ్ పేరు వినగానే ఉలికిపడనక్కర్లేదు, దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము మొక్కలోనే ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఏసీసీ నీటిలో కరుగుతుందన్న సంగతి. ఇథిలీన్ వాయువు కనుక పుట్టినచోటి నుంచే గాలిలోకి జారిపోతుంది. ఏసీసీ మాత్రం వేరు నుంచి నీటిని మోసే దారువు గుండా పైకి ఎక్కగలదు. అంటే మొదటి ఎంజైము వేరులోనూ రెండోది ఆకులోనూ పనిచేయవచ్చు. మధ్యలో రవాణాకు నీటి ప్రవాహం ఉండాలి.

నిమ్మజాతిలో దీన్ని చూపినవారు స్పెయిన్‌కు చెందిన టుడెలా, ప్రిమో-మిలో. 1992లో వెలువడిన వారి అధ్యయనంలో క్లియోపాత్రా మాండరిన్ నారుకు నీళ్లు ఆపారు. వేర్లలో ఏసీసీ సింథేజ్ చురుకుదనం పెరిగింది, ఏసీసీ పోగుపడింది. ఆకుల్లో మాత్రం చెప్పుకోదగ్గ ఇథిలీన్ లేదు, ఒక్క ఆకూ రాలలేదు. తిరిగి నీరిచ్చిన 2 గంటలకు దారు రసంలో ఏసీసీ మామూలు మొక్కల కంటే 10 రెట్లు ఉంది. ఆపై ఆకుల్లో ఇథిలీన్ ఎగసి, ఆకులు రాలాయి. ఏసీసీ సింథేజ్‌ను అడ్డుకునే అమైనోఆక్సిఅసిటిక్ ఆమ్లాన్ని బెట్టకు ముందే వేర్లకు అందిస్తే రాలుడు తగ్గింది. దాన్నే పైభాగానికి ఇస్తే ఫలితం లేదు. పైభాగంలో ఏసీసీ ఆక్సిడేజ్‌ను ఆపే కోబాల్ట్ మాత్రం పనిచేసింది. ఇంత స్పష్టంగా రెండు మెట్లనూ రెండు చోట్ల విడదీసి చూపే ప్రయోగాలు అరుదు.

టమాటాలో దీనికి ఎదురు పరిస్థితిని బ్రాడ్‌ఫోర్డ్, యాంగ్ 1980లోనే చూపారు: నీట మునిగిన వేర్లకు ఆక్సిజన్ అందక ఏసీసీ అక్కడే ఆగి, పైకి చేరాకే ఇథిలీన్ అవుతుంది. పులివెందుల ప్రాంతపు మరో పంట అరటిది వేరే దారి. మాగబెట్టే గదిలో ఇచ్చిన ఇథిలీన్ కాయలోని సొంత తయారీని రేపుతుంది, అది తనను తాను పెంచుకుంటూ పోతుంది. చీనీ కాయలో ఆ గొలుసు లేదు; బయటి వాయువు తొక్క పచ్చదనాన్ని తగ్గిస్తుందే గాని లోపలి తీపిని పెంచదు.

స్పెయిన్ ఫలితాన్ని మన తోటలకు యథాతథంగా అన్వయించలేం. అవి లేత నారు మొక్కలు, ఇక్కడివి అంటు కట్టి ఏళ్లు గడిచిన చెట్లు. పైన సాత్‌గుడి అనే చీనీ రకం ఒకటే అయినా కింది వేరుమూలం జంబేరి కావచ్చు, రంగపూర్ నిమ్మ కావచ్చు. ఏసీసీ వేరులోనే పుడుతున్నదంటే ఆకు రాలే తీరు పై రకం కంటే వేరుమూలాన్ని బట్టి మారాలి. పరీక్షించడం కష్టమేమీ కాదు: రెండు వేరుమూలాల చెట్లను ఒకే తోటలో సమానంగా బెట్టకు వదిలి, తడికి ముందు ఒకసారి, తడి పెట్టిన 2 గంటలకు మరోసారి దారు రసాన్ని సేకరించాలి, ఆకుల నుంచి వెలువడే ఇథిలీన్‌ను గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌తో కొలవాలి. మొదటి తడిని పలుచగా ఇచ్చిన చెట్లను, నిండుగా ఇచ్చిన చెట్లను కూడా ఇందులో చేర్చాలి, ఎందుకంటే వేరు నుంచి ఆకుకు ఏసీసీని మోసుకెళ్లేది ఆ నీరే.