'ఒబేసిటీ సొసైటీ సభ్యులు' అని బోర్డు మీద ఉంటే సరిపోతుందా? బరువు చికిత్సకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా నడిచి చూడండి. బరువు తగ్గిస్తామనే బోర్డు ఒక్కటైనా కంటపడుతుంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతూ పొద్దస్తమానం కుర్చీకే అతుక్కుపోయిన అభ్యర్థి కావచ్చు, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని అమ్మ కావచ్చు.. ఆ బోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగుతారు. పైన డాక్టర్ పేరు, దాని కింద డిగ్రీలు, ఆ కింద ఏదో సొసైటీ సభ్యత్వం. 'పెద్ద సంఘంలో ఉన్నారంటే మంచి డాక్టరే అయి ఉంటారు' అనుకుని లోపలికి వెళ్లేవాళ్లు చాలామంది.

ఇంతకీ ఆ చివరి లైన్‌కు అర్థమేంటి? ఆ సొసైటీలు ఏం చేస్తాయి? వాటికీ మీకు అందే చికిత్సకూ సంబంధం ఎంత? ఏది చూసి నమ్మాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ సొసైటీలు ఏంటి?

ఒకే రకమైన జబ్బుపై పనిచేసే డాక్టర్లు, పరిశోధకులు కలిసి పెట్టుకునే వృత్తి సంఘాలివి. మన దేశంలో ఊబకాయంతో సంబంధం ఉన్నవి కొన్ని ఉన్నాయి. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే సర్జన్లది ఓఎస్‌ఎస్‌ఐ. ఇది 2002లో మొదలైంది. మధుమేహంపై పనిచేసేవారిది ఆర్‌ఎస్‌ఎస్‌డీఐ, 1972 నుంచి ఉంది. ఊబకాయ పరిశోధన కోసమే ఏఐఏఏఆర్‌ఓ అనే సంఘం ఉంది. అమెరికాలోని ఒబేసిటీ సొసైటీ 1982లో పుట్టింది.

ఇవి ప్రధానంగా మూడు పనులు చేస్తాయి. పరిశోధనలను పత్రికల్లో ప్రచురిస్తాయి. డాక్టర్లకు సదస్సులు, శిక్షణ ఏర్పాటు చేస్తాయి. ఏ రోగికి ఏ దశలో ఏ చికిత్స ఇవ్వాలో మార్గదర్శకాలు తయారు చేస్తాయి. మీకు నేరుగా తగిలేది ఈ మూడోదే.

హైదరాబాద్‌కు ఇందులో పాత్ర ఉందా?

ఉంది, చిన్నదేమీ కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దానికి డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ సి.గోపాలన్ చొరవతోనే 1967లో న్యూట్రిషన్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ సొసైటీ కేంద్రం ఇప్పటికీ ఎన్‌ఐఎన్‌లోనే ఉంది. అప్పట్లో దేశం ముందున్న సమస్య తిండి చాలకపోవడం. ఇప్పుడు అదే సంస్థ తిండి ఎక్కువై, అందులో తేడా వచ్చి వస్తున్న జబ్బుల గురించి కూడా చెప్పాల్సి వస్తోంది. 2024 మేలో ఎన్‌ఐఎన్ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం దేశంలోని మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతానికి సరిలేని ఆహారమే కారణం.

మరో ఉదాహరణ కోఠిలో ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎండోక్రైనాలజీ ప్రొఫెసర్ డాక్టర్ రాకేశ్ సహాయ్ ఆర్‌ఎస్‌ఎస్‌డీఐకి జాతీయ అధ్యక్షుడిగా పనిచేశారు. అంటే దేశవ్యాప్త సొసైటీకి నాయకత్వం వహించిన డాక్టర్ ప్రభుత్వ బోధనాసుపత్రికి చెందినవారు. పెద్ద సొసైటీల్లో పెద్ద పదవులు కార్పొరేట్ ఆస్పత్రుల డాక్టర్లకే దక్కుతాయన్న అభిప్రాయం సరికాదు.

సొసైటీ పైన తీసుకునే నిర్ణయం మీ చీటీలో ఎలా కనిపిస్తుంది?

ఒక లెక్క చూడండి. మీ ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు అనుకుందాం. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 75ను 1.7తో, వచ్చినదాన్ని మళ్లీ 1.7తో భాగిస్తే దాదాపు 26.

అంతర్జాతీయంగా వాడే కొలత ప్రకారం మీరు 'కాస్త అధిక బరువు' మాత్రమే. ఊబకాయం 30 దగ్గర మొదలవుతుంది. కానీ భారతీయ నిపుణులు 2009లో ఏకాభిప్రాయంతో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 23 నుంచే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అదే శరీరం, అదే బరువు. మారింది గీత ఒక్కటే. ఎందుకిలా? ఒకే బీఎంఐ ఉన్నా మనవాళ్ల శరీరంలో కొవ్వు పాళ్లు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే తక్కువ బరువుకే షుగర్, గుండెజబ్బులు మొదలవుతాయి.

ఈ తేడా లెక్కల్లోనూ కనిపిస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం మహిళలు, 32.3 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆ సర్వే 25ను గీతగా తీసుకుంది. 23 నుంచి లెక్కిస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

2025 జనవరిలో భారతీయ నిపుణులు ఇంకో అడుగు వేశారు. బీఎంఐ ఒక్కటే చూడకుండా, బరువు వల్ల అవయవాలకు, రోజువారీ పనులకు ఇబ్బంది వచ్చిందా అన్నది చూసి రెండు దశలుగా విభజించారు. బరువు పెరిగి ఇంకా ఇబ్బంది లేకపోతే మొదటి దశ. నడుము చుట్టుకొలత పెరిగి, దానితోపాటు మోకాళ్ల నొప్పి, ఆయాసం, షుగర్ లాంటివి తోడైతే రెండో దశ. అదే నెలలో లాన్సెట్ కమిషన్ కూడా ఇదే దారిలో ప్రపంచ స్థాయి నిర్వచనం ఇచ్చింది.

కాబట్టి టేపు తీసి నడుము కొలుచుకోండి. పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే డాక్టర్‌ను కలవాల్సిన సమయం వచ్చినట్టే.

సభ్యత్వం వేరు, లైసెన్సు వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. సొసైటీ సభ్యత్వం వైద్యం చేసే హక్కు ఇవ్వదు. ఆ హక్కు ఇచ్చేది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. సభ్యత్వం డాక్టర్ ఆసక్తిని చెబుతుంది, నైపుణ్యానికి హామీ కాదు. లోపలికి వెళ్లాక ఇవి చూసుకోండి:

• రిజిస్ట్రేషన్ నంబర్: వైద్యుల నియమావళి ప్రకారం క్లినిక్‌లో, మందుల చీటీపై, రసీదుపై ఈ నంబర్ ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని డాక్టర్ల జాబితాలో పేరు వెతికి సరిచూసుకోవచ్చు. ఫోన్‌లో రెండు నిమిషాల పని.
• స్పెషలైజేషన్: మందులతో చికిత్సకు జనరల్ మెడిసిన్ ఎండీ లేదా ఎండోక్రైనాలజిస్ట్, ఆపరేషన్‌కు బేరియాట్రిక్ శిక్షణ ఉన్న సర్జన్.
• డైట్ చెప్పేది ఎవరు: ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపు ఉందేమో అడగండి. పొడి డబ్బాలు అమ్మేవారు, జిమ్ ట్రైనర్ డైటీషియన్లు కారు.
• క్లినిక్ రిజిస్ట్రేషన్: జిల్లా వైద్యాధికారి కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్ కనిపించేలా ఉండాలి.

'నెలలో 10 కిలోలు గ్యారంటీ' అని ప్రకటన కనిపిస్తే?

అనుమానించండి. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నుంచే ఉంది. ఫలానా మందు ఫలానా జబ్బును నయం చేస్తుందని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో ఊబకాయం కూడా ఉంది. రోగులను ఆకర్షించేలా డాక్టర్లు ప్రకటనలు ఇచ్చుకోవడమూ వృత్తి నియమాలకు విరుద్ధం.

ఇంజెక్షన్ల సంగతేంటి?

టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడం కోసమే వచ్చిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ 2025 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఆకలిని తగ్గించే ఈ మందులు పనిచేస్తాయి. కానీ అందరికీ కాదు. బీఎంఐ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారికి, లేదా 27 ఉండి బీపీ, షుగర్ లాంటివి ఉన్నవారికి, అదీ ఆహార నియమాలు, వ్యాయామంతో పాటు వాడాలి. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం. గర్భిణులు వాడకూడదు. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఆపేస్తే తగ్గిన బరువు చాలావరకు తిరిగి వస్తుంది. పెళ్లి ముహూర్తానికో, పోలీస్ ఈవెంట్స్‌కో రెండు నెలల్లో సన్నబడాలని హాస్టల్ స్నేహితుడి దగ్గర తీసుకుని పొడుచుకునే మందు కాదిది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు.

ఆపరేషన్‌కు బీమా వస్తుందా?

ఇక్కడ డాక్టర్ల గీత ఒకటి, బీమా గీత ఇంకొకటి. సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఇతర జబ్బులు లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చు. ఆసియా వాసులకు 27.5 నుంచే పరిశీలించవచ్చు. కానీ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీమా వర్తించాలంటే వయసు 18 దాటాలి. బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదంటే 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటి తీవ్ర సమస్య ఉండాలి. ముందు ఇతర పద్ధతులు ప్రయత్నించి ఫలించకపోవాలి. డాక్టర్ సిఫార్సు రాతపూర్వకంగా ఉండాలి. అందుకే అడ్వాన్స్ కట్టే ముందే బీమా కంపెనీ నుంచి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 'తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చులెండి' అన్న నోటి మాటను నమ్మి లక్షలు కట్టొద్దు.

దగ్గర్లో ఉచితంగా ఎక్కడ చూపించుకోవాలి?

ప్రైవేటుకు వెళ్లే ముందు ఈ దారి ప్రయత్నించండి:

1. మీ ప్రాంతంలోని బస్తీ దవాఖానా లేదా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం: 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్ష ఉచితం. అక్కడ నింపే ఫారంలో నడుము చుట్టుకొలత కూడా రాస్తారు. రాయకపోతే మీరే అడగండి.
2. రక్త పరీక్షలు: తెలంగాణ డయాగ్నస్టిక్స్ సెంట్రల్ హబ్ 2018 నుంచి నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణంలోనే ఉంది. మీరు నేరుగా అక్కడికి వెళ్లనక్కర్లేదు. బస్తీ దవాఖానాలో డాక్టర్ రాస్తే శాంపిల్ అక్కడే తీసి హబ్‌కు పంపుతారు. థైరాయిడ్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు ఉచితం.
3. పెద్దాసుపత్రి: కింగ్ కోఠి ఆస్పత్రి దగ్గరలోనే ఉంది. అవసరమైతే అక్కడి నుంచి ఉస్మానియా లేదా గాంధీకి రిఫర్ చేయించుకోండి. రెండు చోట్లా ఎండోక్రైనాలజీ వైద్యులు ఉంటారు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకుని వెళ్తే పని త్వరగా అవుతుంది.

డాక్టర్‌ను ఈ 5 ప్రశ్నలు అడగండి

• నా బరువు ఏ దశలో ఉంది? బరువు వల్ల ఏ అవయవానికైనా ఇబ్బంది మొదలైందా?
• బరువు పెరగడానికి థైరాయిడ్, పీసీఓఎస్, వాడుతున్న మందులు కారణమా?
• ఈ మందు ఎన్నాళ్లు వాడాలి, ఆపితే ఏమవుతుంది, నెలకు ఖర్చెంత?
• మందు లేకుండా మూడు నెలలు ప్రయత్నించవచ్చా?
• మీరు చెబుతున్నది ఏ మార్గదర్శకం ప్రకారం?

చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. సొసైటీల సదస్సులకు మందుల కంపెనీలు స్పాన్సర్లుగా ఉండటం మామూలే. అందుకే మంచి మార్గదర్శకాల్లో, రాసినవారు ఏ కంపెనీ నుంచి డబ్బు తీసుకున్నారో కూడా వెల్లడిస్తారు. 2024లో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు కంపెనీలు కానుకలు ఇవ్వడాన్ని నిషేధించింది. నిజాయితీగల డాక్టర్‌కు ఈ ప్రశ్న తప్పుగా అనిపించదు.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

డాక్టర్ ప్రవర్తనపై తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయండి. నకిలీ మందులు, తప్పుడు మందుల ప్రకటనలపై రాష్ట్ర ఔషధ నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు పని రోజుల్లో ఫోన్ చేయండి. ప్యాకేజీ డబ్బు తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రసీదు, ప్రకటన ఫొటో, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. సాక్ష్యం లేని ఫిర్యాదు ముందుకు కదలదు.

గుర్తుంచుకోండి: బరువు పెరగడం సోమరితనానికి గుర్తు కాదు, అది వైద్యం అవసరమైన ఆరోగ్య సమస్య. బోర్డు మీది సొసైటీ పేరుకన్నా చీటీ మీది రిజిస్ట్రేషన్ నంబర్, మీ ప్రశ్నకు డాక్టర్ ఓపికగా ఇచ్చే జవాబు.. ఈ రెండే మీకు అసలైన హామీ.