ఉప్పునీటి తొట్టికి పాటిమన్ను

సముద్రమందలి అమ్మోనియాను నైట్రైటుగా మార్చి బ్రతుకు ఆర్కియా అను సూక్ష్మజీవిని శాస్త్రజ్ఞులు తొలిసారి వేరుపరచి పెంచినది ఏ మహాసాగర గర్భమునుండియో తెచ్చి కాదు. సియాటిల్ నగరపు అక్వేరియమున, ఉష్ణమండల సముద్రజీవులనుంచిన తొట్టి అడుగు గులకలనుండి! 2005లో ప్రకటితమైన ఈ సంగతి నన్నెంతయో అలరించినది. కడలికి దూరమై, రంగసముద్రము, కేసరిసముద్రము వంటి మంచినీటి చెరువులతోనే తృప్తిపడిన వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల సీమలలో ఎవరైన ఇంట పగడపు తొట్టి నిలుపదలచినచో, మొదట వినవలసినది మత్స్యముల కథ కాదు, ఈ గులకల కథ.

ఈ కథకు మూలము 1877 నాటి ఫ్రెంచి ప్రయోగమున నున్నది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అను ఇరువురు, కాల్చిన ఇసుకయు సుద్దయు నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లమెల్లగా జార్చుచుండగా, ఇరువది దినములు చెక్కుచెదరని అమ్మోనియా, అటుపిమ్మట క్రమముగ నైట్రేటుగా మారి, తుదకు పూర్తిగ మాయమయ్యెను. కేవల రసాయనక్రియయే యైనచో ఇరువది దినముల జాగేల? సంశయనివృత్తికై వారు గొట్టములోనికి క్లోరోఫారపు ఆవిరిని పంపిరి. శస్త్రవైద్యుడు మత్తిచ్చిన రోగివలె ఇసుక మూర్ఛిల్లి, అమ్మోనియా వచ్చినది వచ్చినట్లే దిగువకు జారెను. ఆవిరి తొలగించి వారములు గడచినను చలనము లేదు. సారవంతమైన మట్టి కలిపిన నీటిని కొంచెము పోయగా, కొలదినాళ్లకే పని మరల మొదలయ్యెను; అనగా ఆ పని చేయునవి ప్రాణమున్న సూక్ష్మజీవులే. క్రొత్త తొట్టి పక్వమగుటకై నేటివారు పడు నిరీక్షణయు, పాత తొట్టినుండి పిడికెడు ఇసుక అరువు తెచ్చుకొను ఉపాయమును, రెండును ఈ గొట్టమందే కానవచ్చును.

అయితే ఈ జీవుల చేష్టను పేరెరుగకయే వాడుకొన్నవారు తెలుగునాట ఎందరో. పాడుబడిన ఊళ్ల పాటిమన్నును బండ్లతో చేలకు తోలిన రైతులును, అట్టి మన్నునే కడిగి, ఆ నీటిని కాచి పెట్లుప్పు తీసినవారును నమ్ముకొన్నది, తరతరాల పశుమూత్రమును నైట్రేటుగా మార్చిన సూక్ష్మజీవులనే. యూరియా బస్తా వచ్చిన పిదప, ఏ దిబ్బ మన్ను సారవంతమో చూచి చెప్పగల నేర్పు సన్నగిల్లుట నాకు చిన్న నష్టముగ తోచదు.

1890లో వినోగ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని అట్టి బాక్టీరియాను వేరుచేసెను. ఇక 1961కి దుముకుదము: ఇండోనేసియావాసి లీ చిన్ ఎంగ్, సముద్రపు సజీవశిలలును గాలిబుడగలును ఆధారముగా పగడములను పెంచు తీరును ఆ యేట లోకమునకు చాటెను. శిల వెలుపల ప్రాణవాయువు పీల్చు జాతులు అమ్మోనియాను నైట్రేటు చేయగా, ప్రాణవాయువు చొరని లోపలి రంధ్రములలో వేరొక జాతులు దానిని నైట్రోజన్ వాయువుగా విడుచును. ఒకటి ఎంత బలిసినను రెండవదాని పని చేయజాలదు.

పగడములను చట్టము కాపాడుచున్న మన దేశమున ఎండుశిలతో ఆరంభించుటయే న్యాయము. కాని ఎండుశిలపై ఈ సూక్ష్మజీవులుండవు; కావున సీసాలో అమ్ము ఒకటిరెండు సూక్ష్మజీవి జాతులతో సరిపుచ్చక, ఆరోగ్యవంతమైన పాత తొట్టుల ఇసుకను చేర్చుటయు, వడపోత స్పంజిని క్లోరిన్ కలిసిన కుళాయినీట కాక తొట్టినుండి తీసిన నీటనే కడుగుటయు, అన్నిటిని ఒకేనాడు తోమకుండుటయు మేలు. తొట్టి తళతళలాడవలెనని అడుగు ఇసుకనెల్ల కడిగివేయువాడును, పాటిదిబ్బను చదునుచేసి యూరియాకై పరుగెత్తువాడును, ఉచితముగ లభించు సేవను పోగొట్టుకొని, దాని బదులు వెలపోసి కొనుచున్నారు.