లీకు ఎక్కడున్నది? - కారు ఏసీ గ్యాసు చరిత్ర

బడిలో పాఠాలు చెప్పుకునే మేము ఈ సంచికకు రాజుల గురించో, కోటల గురించో రాస్తామని మీరు అనుకొని ఉంటారు. గద్వాల, వనపర్తి సంస్థానాల గురించి చెప్పుకోవలసినది చాలా గలదు. కాని మన పిల్లలు చేతులకు నూనె పూసుకొని బతుకుతున్న ఒక పనికి కూడా చరిత్ర ఉన్నదని ఈసారి చెప్పదలచినాము. అది కారు ఏసీలో గ్యాసు లీకు వెదికే పని.

ఒక ఎండాకాలం బంధువుల పెండ్లికని నాగర్‌కర్నూలు నుండి గద్వాలకు కిరాయి కారులో బయలుదేరినాము. పెబ్బేరు దాటేసరికి ఏసీలో నుండి వేడిగాలి కొట్టడం మొదలైంది. డ్రైవరును అడిగితే, "ఏం చెప్పాలె సార్, ఈ సీజన్ల మూడుసార్లు గ్యాస్ కొట్టించిన" అన్నాడు. మూడుసార్లు పైసలు పోయినవి. గ్యాసు ఎటు పోతున్నదో మాత్రం ఒక్కసారి కూడా ఎవరూ చూడలేదు. ఏసీ గ్యాసు పెట్రోలు వలె కాలిపోయేది కాదు. అదే గ్యాసు గొట్టాలలో తిరుగుతూ ఉండవలె. బాగా తగ్గిందంటే బయటికి పోయిందనే అర్థం.

చల్లదనం వెనుక సూత్రం కొత్తది కాదు. మన ఇంట్లో మట్టి సురాహి చెమర్చి, ఆ తడి ఆరుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకొని పోతుంది. సూరేకారంతో నీళ్లు చల్లబరచే పద్ధతిని అక్బరు కాలంలో అబుల్ ఫజల్ తన ఆయీనె అక్బరీలో వ్రాసిపెట్టినాడు. కారు ఏసీలో కూడా ద్రవం ఆవిరవుతూ వేడిని గుంజుకుంటుంది. తేడా ఒక్కటే. సురాహికి ఊట గుణం, ఏసీకి అదే దోషం.

మొదటి కాలపు ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. ఇవి విషవాయువులు. అమ్మోనియా లీకును ముక్కే పట్టేది. గంధకపు వత్తి వెలిగించి దగ్గరకు తెస్తే తెల్లని పొగ కూడా లేచేది. వాసన సరిగా తెలియని మిథైల్ క్లోరైడ్ వల్ల ప్రాణాలే పోయినవి. అందుకని అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో ఆర్-12 అనే గ్యాసును తయారుచేసింది. 1930లో మిడ్‌గ్లీ దానిని పీల్చి, ఊది, కొవ్వొత్తి ఆర్పి చూపినాడు. విషం లేదు, మంట లేదు. 1939లో ప్యాకర్డ్ కంపెనీ కారులో ఏసీని ప్రవేశపెట్టింది. కారు ఏసీలకు దశాబ్దాల పాటు ఆర్-12యే ప్రధానమైన గ్యాసు అయింది.

అయితే వాసన లేని గ్యాసు లీకును ఎట్లా పట్టేది? దీనికి హేలైడ్ దీపం వచ్చింది. దీపానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. దాని కొసను జాయింట్ల వెంట తిప్పితే, అక్కడి గాలి కాలిన రాగిరేకు మీదుగా మంటలోకి పోతుంది. ఆ గాలిలో ఆర్-12 ఉంటే అందులోని క్లోరిన్ వల్ల మంట పచ్చబడుతుంది. కాని లీకు పెద్దదైతే ఆ మంటలోనే ఫాస్జీన్ అనే విషం పుట్టే ప్రమాదం గలదు.

మనుషులకు మంచిదనుకున్న గ్యాసు ఆకాశానికి చెరుపు చేసింది. ఇటువంటి గ్యాసులు ఓజోన్ పొరను తినివేస్తాయని 1974లో మొలీనా, రోలాండ్ హెచ్చరించినారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిన సంగతి లోకానికి తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆర్-12 పోయి ఆర్-134ఎ వచ్చింది. ఇందులో క్లోరిన్ లేదు. అందువల్ల పాత దీపం దీని ముందు గుడ్డిదైంది. దాని స్థానంలో, గ్యాసు తగిలితే కూసే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చింది. నూనెలో కలిపే రంగు వచ్చింది. అతినీలలోహిత దీపం వేస్తే లీకు దగ్గర అది పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆర్-134ఎ కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఒక కిలో బయటికి పోతే సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు గాలితో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఇటువంటి గ్యాసులను తగ్గించే 2016 నాటి కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది.

పరికరాలు మారినా పని వరుస మారలేదు. ముందు కన్ను. గ్యాసు వెంట నూనె కూడా వస్తుంది గనుక లీకు దగ్గర దుమ్ము అంటి నల్లని జిడ్డు కడుతుంది. రాళ్ల దెబ్బలు తినే కండెన్సరు, కంప్రెసరు సీలు, గొట్టాల జాయింట్లు, గ్యాసు ఎక్కించే వాల్వులు చూడవలె. తరువాత సబ్బు నురుగు. ఆపైన ఎలక్ట్రానిక్ పరికరం. ఈ గ్యాసు గాలి కన్నా బరువు గనుక దానిని జాయింటు అడుగున తిప్పవలె. డ్యాష్‌బోర్డు లోపలి ఎవాపరేటరు కంటికి కనబడదు గనుక నీళ్లు కారే గొట్టం దగ్గర పరీక్షించవలె.

షాగిర్దులుగా ఉన్న మన పిల్లలకు ఒక్క మాట గట్టిగా చెప్పుతున్నాము. ప్రెషరు పెట్టి చూడవలసి వస్తే రెగ్యులేటరు బిగించిన నైట్రోజన్ సిలిండరే వాడండి. వెల్డింగు కోసం షెడ్డులో ఉన్న ఆక్సిజన్‌ను ఎన్నడూ ఎక్కించకండి. ప్రెషరులో ఆక్సిజన్, నూనె కలిస్తే పేలుతుంది. ఒక ఇంటి దీపం ఆరిపోవడానికి ఆ ఒక్క తప్పు చాలు.

వనపర్తిలో 1959 నుండి పాలిటెక్నిక్ ఉన్నది. చదివే అవకాశం లేనివారు జాతీయ రహదారి పక్కన షెడ్లలో ఉస్తాదుల దగ్గరనే నేర్చుకుంటున్నారు. ఎక్కడ నేర్చినా, లీకు దొరకక ముందు గ్యాసు కొట్టడం పని కాదు. ఇంకొకరి కారు మన చేతికి వచ్చిందంటే అది అమానత్. "ముందు లీకు చూపించు, తరువాత గ్యాసు కొట్టు" అని మనలో కారున్న వారు కూడా అడుగుట నేర్చుకోవలె. అట్లా అడిగేవారుంటే మంచి ఉస్తాదుకు గిరాకీ పెరుగుతుందని మా నమ్మకం.