కృష్ణా డెల్టాలో వరి రకాల మనుగడ

బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువ నీరు అందిన చోటల్లా వరి సాగు విస్తరించింది. అయితే కాలువలు వరదను ఆపలేదు. మురుగు దిగని పల్లపు చేలల్లో నీరు రోజుల తరబడి నిలిచేది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పాత రకాలది పొడుగు కాడ. నీరు మెల్లగా పెరిగితే ఆకు మునగకుండా పైన ఉండేది, పశువులకు గడ్డి దండిగా వచ్చేది. దిగుబడి మాత్రం తక్కువ.

1960లలో రసాయన ఎరువులు వచ్చాక ఆ పొడుగే చేటయింది. నత్రజని ఎక్కువైతే కాడ ఏపుగా పెరిగి, కంకి బరువుకు చేను పడిపోయేది. తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్-1, ఫిలిప్పీన్స్‌లో 1966లో విడుదలైన ఐఆర్-8 పొట్టి రకాలు కావడంతో ఎరువు ఎక్కువ వేసినా నిలబడ్డాయి. ఐఆర్-8 అన్నం ముతక కావడంతో తినేవాళ్ళు మాత్రం మెచ్చలేదు.

ఆ లోటు తీర్చినది బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి. సన్న గింజకు పేరున్న పాత మద్రాసు రకం జీఈబీ 24ను తైచుంగ్ నేటివ్-1తో కలిపి, ఆ సంకరాన్ని మలేసియా నుంచి వచ్చిన మసూరితో మళ్ళీ సంకరం చేశారు. మొక్కగా చూస్తే ఇది అర్భకమే. అగ్గితెగులు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు తొందరగా సోకుతాయి, గాలివానకు పడిపోతుంది. మనిషి అండ లేకపోతే ఈ రకం ఎప్పుడో కనుమరుగయ్యేది. సన్న బియ్యానికి ఉన్న గిరాకీయే దీన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టింది.  హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరం ద్వారా చేర్చిన మెరుగుపరచిన సాంబమసూరి 2008లో వచ్చింది.

ముంపు సంగతి వేరు. మార్టేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ పొట్టి రకం, వరదలో పూర్తిగా మునిగితే చచ్చిపోయేది. మునిగిన మామూలు మొక్క గాలికోసం పైకి సాగి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుంటుంది. ఒడిశా నాటు రకం ఎఫ్ఆర్ 13ఏ నుంచి తీసుకున్న సబ్-1 జన్యువు ఆ సాగుడును అడ్డుకుంటుంది. ఈ జన్యువున్న స్వర్ణ సబ్-1, 2009లో భారత రైతులకు అందింది. రెండు వారాలు మునిగినా నీరు తీయగానే మళ్ళీ చిగురిస్తుంది. దీన్ని బడిలోనూ చూపవచ్చు. స్వర్ణ, స్వర్ణ సబ్-1 నారును వేర్వేరు కుండీల్లో పెంచి, ఒకే తొట్టె నీటిలో రెండు వారాలు పూర్తిగా ముంచి తీస్తే, ఆ తర్వాత వారంలో ఏది కోలుకుందో పిల్లలే లెక్కపెట్టగలరు. ఒక్కో రకానికి మరో కుండీని ముంచకుండా పక్కన ఉంచాలి, లేకపోతే పోలిక కుదరదు.

సముద్రపు అంచున పరీక్ష చవుడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ పొలాల మీదికి ఉప్పునీరు ఎక్కింది. కాలువ చివరి భూముల్లో మంచినీరు చాలని ఏడాది చవుడు పైకి తేలుతుంది. చవుడు తట్టుకునే రకాల మీద మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. వరి నిలవలేని చోట రైతులు చాలావరకు రొయ్యల చెరువులు తవ్వుకున్నారు.