పాతబస్తీ బండ్లు, కమాను కట్టలు

హైదరాబాదు నగరచరిత్రను రచించినవారు మినారుల యెత్తును, మహలుల వైభవమును, నవాబుల వంశక్రమమును సవిస్తరముగా వర్ణించిరి. కాని 1591లో చార్మినారు వెలసిన నాటినుండి దాని నలుదిక్కుల వీథులలో జనమును సరకును మోసిన చక్రములను గూర్చియు, ఆ చక్రమునకును దానిమీది పెట్టెకును నడుమ నుండవలసిన బెత్తెడు ఖాళీని కాపాడుటకై జీవితమంతయు వెచ్చించిన వడ్రంగులను, కమ్మరులను గూర్చియు వ్రాసిన పుటలు మిక్కిలి స్వల్పములు. ఆ ఖాళీ తఱిగినయెడల చక్రము పెట్టెను రాచును. రాపిడిచే చక్రము చెడును, పశువు అలయును, బండి దారిలో నిలిచిపోవును. నగరజీవనమంతయు నాధారపడిన యట్టి విషయమును చరిత్రకు దగని యల్పవిషయమని త్రోసివేయుట న్యాయము కాదని నా దృఢవిశ్వాసము.

మొదటి దినములలో బండికంటె దారియే బలహీనము. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియరు, ఇక్కడినుండి దక్షిణమునకు బోవు మార్గములకు కొండలును, చెరువులును, నదులును అడ్డుపడుటచే చక్రములబండ్లు సాగుట దుర్లభమనియు, సరకంతయు ఎద్దుల వీపులమీదనే నడచుచుండెననియు వ్రాసియున్నాడు. 1578లో మూసీపై కట్టిన పురానాపూలు వంటి వంతెన ఆ కాలమునకు ఎంత యపురూపమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

బండి నడచిన చోట నడచినది కమాను లేని ఎడ్లబండి. పెట్టె నేరుగా ఇరుసుమీదనే కూర్చుండును. నడుమ కుండ, కుండలో నాటిన ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు, ఆ పూటీలనన్నిటిని బిగించి పట్టు ఇనుప పట్టా: ఇదియే చక్రము. పట్టా తొడుగు దినమున పిడకల మంటలో దానిని ఎఱ్ఱగా కాల్చి, వేడికి సాగియున్న క్షణముననే నలుగురు పటకారులతో నెత్తి చక్రముపై దించి, సుత్తులతో మోది, వెంటనే నీళ్లు పోయుదురు. ఆవిరి లేచుచుండగా కొయ్యకీళ్లన్నియు కిఱ్ఱుమని దగ్గఱకు చేరును. ఇట్టి బండిలో పెట్టె క్రిందికిని మీదికిని కదలదు గనుక రాపిడి పైనుండి రాదు, ప్రక్కనుండియే వచ్చును. కుండలోని రంధ్రమరిగి చక్రము ఊగుట మొదలైన పిదప అది ప్రక్కకొయ్యను తాకును. సీలను సరిచూచి, కందెన సకాలమున బెట్టిన రైతునకు ఆ బాధ చాలకాలము రాదు.

ఇంగ్లండున 1804లో ఒబదయా ఎలియట్ అను బండ్ల నిర్మాత, వంచిన ఉక్కుపట్టీలను కట్టగా పేర్చి, వానిపై పెట్టెను నిలుపు పద్ధతిని కనిపెట్టిన తరువాత ప్రపంచమున బండి స్వభావమే మాఱిపోయెను. 1874లో నిజాము రైలుమార్గము సికింద్రాబాదును జేరి, బాటసారుల రాకపోకలు హెచ్చిన కాలమున నగరవీథులలో తిరుగాడిన బగ్గీలును, షిక్రములును, జట్కాలును ఆ కమాను కట్టల వారసత్వమును పొందినవే. పల్లము వచ్చినప్పుడు కట్ట నొదిగి, మరల పూర్వాకృతిని పొందుటచే ప్రయాణికుని నడుమునకు సుఖము గలిగెను. కాని యా సుఖముతోనే క్రొత్త చిక్కు పుట్టెను: ఒదిగినంతమేర పెట్టె చక్రమువైపు దిగును, కావున ఆ దిగుబాటునకు ముందుగానే తావు విడిచి బండిని కట్టవలెను. ఆ తావు ఎంతయో లెక్క వ్రాసినవారు లేరు; బరువెక్కించి, కొలిచి, కంటితో నేర్చినవారే యుండిరి.

జట్కాకు ఒకే యిరుసు. బరువు వెనుకకు మొగ్గినచో ఏడికోలలు పైకి లేచి గుఱ్ఱము తేలిపోవును. ముందుకు హెచ్చినచో దాని భుజములు నలిగిపోవును. అందుచేతనే జట్కావాడు దారిపొడవునను "ముందుకు జరగండి బాబూ, ముందుకు" అని ప్రయాణికులను వేడుకొనుచుండెడివాడు. అది మొఱటుదనము కాదు, శాస్త్రము. ఒకే యిరుసుగల నేటి ట్రయిలరుపై పడవను నిలుపువాడును, ముందువైపున కొంత బరువు తప్పక యుండునట్లు పడవను జరిపి కట్టవలసినదే. లేనిచో వేగముపై ట్రయిలరు తోక ఝాడించి, లాగు వాహనమునే పడద్రోయును.

మోటారు యుగము నవాబుల ముంగిటనే ముందుగా దిగెను. మహబూబ్ అలీఖాను 1911లో గతించుటకు ముందు తెప్పింపదలచిన పసుపుపచ్చని రోల్స్‌రాయిసు ప్రసిద్ధము. చౌమహల్లా ప్రాసాదమున నేటికిని పాత బగ్గీలను, కార్లను చూడవచ్చును. సామాన్యజనమునకు మాత్రము మోటారు అనుభవము 1932లో నిజాము రైల్వే శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రవాణాను ప్రారంభించిన పిదపనే దక్కినదని చెప్పవచ్చును. బస్సులును, వాని వెంట లారీలును వచ్చిన తరువాత జట్కా కమానును ఎఱిగినవారి విద్య లారీ కమానునకు బనికివచ్చెను. పరిమాణము మాఱెను గాని ఉక్కు స్వభావము మాఱలేదు.

ఆ విద్య యెట్టిదో కొంత సమీపమునుండి చూచుట యుచితము. టైరు మడ్‌గార్డును రాచుచున్నదని బండి వచ్చినప్పుడు తెలిసిన మేస్త్రి సుత్తిని ముందుగా ముట్టడు. రాపిడి గుర్తు ఎక్కడ బడినదో వెదకును. గుర్తు రెండువైపులను నడినెత్తిన సమముగా బడినచో కట్టలు రెండును అణగిపోయినవని గాని, బరువు మితిమీఱినదని గాని యర్థము. ఒక వైపుననే పడినచో ఆ వైపు పట్టీ విరిగినది, లేదా సరకు ఒరిగినది. గుర్తు ముందుకో వెనుకకో జరిగియున్నచో దోషము కట్ట బలములో లేదు. నడిమి బోల్టు తెగియో, యూ బోల్టులు సడలియో ఇరుసే తావు తప్పినది. టైరు లోపలి చెక్క అరిగినచో ఇరుసు వంగినదా, కొలతకు మించిన టైరు తొడిగిరా యని విచారింపవలెను. రెండంగుళముల వ్యాసము హెచ్చిన టైరు మీదనున్న ఖాళీలో నొక యంగుళమును మింగివేయును. ఇవి యన్నియు ఖాళీబండిని చూచి తేల్చినవాడు పొరబడును. నిండుబరువుతో నొకమాఱు, బరువు దించి మఱియొకమాఱు కొలువవలెను.

చికిత్సలోను తొందర పనికిరాదు. అణగిన కట్టకు మఱియొక పట్టీ చేర్చుట సులభోపాయమే. ఎత్తు వచ్చును, ఖాళీ పెరుగును. కాని కట్ట బిగిసి, అది మ్రింగవలసిన కుదుపు చట్రమునకు జేరి, అతుకులు పగులును. పాతపట్టీని కాల్చి వంపు దిద్దువాడు తిరిగి పదును పెట్టుట యెఱుగకున్నచో, మెత్తబడిన యా ఉక్కు కొలదికాలముననే మరల చదునగును. కావున బరువు తగ్గించుట కొన్నిమాఱులు అన్నిటికంటె మేలైన చికిత్స. ఈ మాట చెప్పి వచ్చిన పనిని వదలుకొన్న మేస్త్రియందు నాకు అపారమైన గౌరవము.

బరువును పంచుట యనగా నేమో నగరమంతయు కన్నులార చూచినది 1988లో. రాయగిరి కొండనుండి 58 అడుగుల బుద్ధవిగ్రహమును 192 చక్రముల వాహనముపై హుస్సేన్‌సాగరునకు దెచ్చిరి. సుమారు 350 టన్నుల రాయి యైనను ఒక్కొక్క చక్రముపై బడిన రాతిభారము రెండు టన్నులకు మించదు. నేలమీద క్షేమముగా వచ్చిన యా విగ్రహము 1990 మార్చి 10న నీటిపై పంటు ఒరిగి మునిగెను; పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1992 డిసెంబరు 1న మాత్రమే అది సాగరమధ్యమున నిలిచెను.

పాతబస్తీకి పడవయే చక్రములమీద వచ్చిన దినములును గలవు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరమును ముంచిన పిదప జలాశయములు కట్టిరి గాని, 2020 అక్టోబరులో చెరువుల నీరు హఫీజ్ బాబానగరు, అల్ జుబైల్ కాలనీ మొదలగు చోట్ల ఇండ్లలో జొరబడినప్పుడు, సహాయసిబ్బంది పడవలను వాహనములపై దెచ్చి వీథులలోనే దింపవలసివచ్చెను. ఏడాదిలో నెన్నడో నొకమాఱు కదలు పడవబండి కమానులకు పనికంటె విశ్రాంతియే హెచ్చు ప్రమాదకరము. పట్టీల నడుమ జేరిన తేమ త్రుప్పై ఉబ్బి వానిని బిగించివేయును. నిలిచిన టైరు గాలి దిగును. పరుగెత్తి వేడెక్కిన చక్రపు కుండను వెంటనే నీటిలో దింపినచో లోపలి గాలి కుంచించుకొని నీటిని బేరింగులలోనికి పీల్చును. వరద రాకముందే, జ్యేష్ఠమాసమున, పట్టీలు విప్పి త్రుప్పు గీకి, కందెన మార్చి, పడవను పైనుంచి ఖాళీని కొలిచి చూడవలెను.