అకితా శునకము: పెంచుటకు ముందు తెలియదగిన చరిత్ర

కొనెడు వస్తువునకు వెల తెలిసిన చాలును. పెంచెడు ప్రాణికి పుట్టుపూర్వోత్తరములు తెలియవలయును. జపాను దేశపు అకితా శునకమును ఇంటికి తెచ్చుకొనవలెనని నేడు మన నగరములందు కొందరు ఉబలాటపడుచున్నారు. ఈ ఆసక్తికి మూలము చాలవరకు హాచికో కథయే. కావున మేమును అచటనే ఆరంభింతుము.

హాచికో 1923వ సంవత్సరమున, ఉత్తర జపానునందలి అకితా మండలములో, ఓదాతే ప్రాంతమున జన్మించెను. మరుసటి యేడు టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్రము బోధించుచుండిన ఆచార్య ఉయెనో దానిని చేరదీసిరి. 1925 మే 21వ తేదీన ఆయన ఆకస్మికముగా మరణించిరి. పిమ్మట 1935 మార్చి 8వ తేదీన కన్నుమూయువరకు ఆ కుక్క షిబుయా రైలు స్టేషనుకు వచ్చి యజమానికై ఎదురుచూచుచుండెను. 1934లో, అది బ్రదికియుండగనే, అచట దాని కంచువిగ్రహమును ప్రతిష్ఠించిరి. వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కాలిడనొల్లని ధర్మరాజు కథ వినుచు పెరిగిన మనకు ఈ వృత్తాంతము మనసునకు హత్తుకొనుటలో వింత లేదు. అయినను ఒక కుక్క కథ ఒక జాతి చరిత్ర కాజాలదు.

అకితా మండలము కొండలును మంచును గల సీమ. అచట మతగి అను వేటగాండ్రు ఎలుగుబంట్లను వేటాడుటకు మధ్యమ పరిమాణము గల కుక్కలను పెంచెడివారు. నిక్కిన చెవులు, వీపుపై చుట్టుకొనిన తోక, పైన గరుకు వెంట్రుకలు, వాని క్రింద దట్టమైన మెత్తని రోమము గల ఆ దేహము అచటి చలికిని వేటకును తగినది. కాలక్రమమున ఆ సీమలో కుక్కల పోరాటములు వినోదమయ్యెను. 1868 తరువాత, బలమును పరిమాణమును పెంచుటకై వానిని తోసా, మాస్టిఫ్ జాతులతో సంకరము గావించిరి. దేహము పెరిగెను గాని పూర్వపు లక్షణములు మరుగుపడసాగెను.

1908లో పోరాటములు నిషేధింపబడెను. 1927లో ఓదాతేలో అకితా శునక సంరక్షణ సంఘము వెలసెను. 1931లో ప్రభుత్వము ఈ జాతిని సహజ స్మారకముగా ప్రకటించెను. ఇంతలో యుద్ధము వచ్చెను. సైనికుల దుస్తులకై కుక్కల తోళ్లు సేకరింపబడెను. సైన్యమునకు పనికివచ్చు జర్మన్ షెపర్డులు తప్ప తక్కిన కుక్కలను పట్టుకొనిపోవుటకు పోలీసులు ఉత్తరువులిచ్చిరి. ఆ ఉత్తరువులను తప్పించుకొనుటకై కొందరు తమ అకితాలను షెపర్డులతో సంకరము చేసిరి. షిబుయాలోని విగ్రహమును సైతము లోహమునకై కరగించిరి. నేడు అచట నున్నది 1948లో మరల నిలిపినది.

యుద్ధానంతరము అమెరికా సైనికులు కొన్ని అకితాలను స్వదేశమునకు గొనిపోయిరి. అచటి సంతతి బరువైన దేహముతో వేరు దారిని నడచెను. జపానువారు మాత్రము షెపర్డు, మాస్టిఫ్ లక్షణములను తొలగించి పూర్వరూపమును మరల సాధింప యత్నించిరి. తుదకు 1999లో అంతర్జాతీయ శునక సమాఖ్య ఈ రెండింటిని వేరువేరు జాతులుగా పరిగణింప నిశ్చయించెను. కావున అకితాను కోరువారు తొలుత అడుగవలసినది, అది ఏ శాఖకు చెందినదని.

ఈ చరిత్ర యంతయు నేటి కుక్క దేహమునందును స్వభావమునందును నిలిచియున్నది. జపాను శాఖలో మగకుక్క ఎత్తు భుజముకడ సుమారు 67 సెంటీమీటర్లు. మంచుసీమకు తగిన ఆ రోమము యానాము, బరంపురముల వేసవి ఉక్కలో దానికి బాధాకరమగును. యజమానికి అది విశ్వాసపాత్రమే గాని క్రొత్తవారిని త్వరగా దరిచేరనీయదు. ఇతర కుక్కలతో, ముఖ్యముగా స్వలింగము వానితో, పొసగుట కష్టము. బంధుమిత్రుల రాకపోకలతో నిండియుండు మన యిండ్లలో ఇది చిన్న విషయము కాదు.

మరియొక సంగతి. జపానులోనే కోషీ అను జాతిని 1934లో సహజ స్మారకముగా ప్రకటించిరి. అయినను 1971 నాటికి అది అంతరించిపోయెను. ప్రకటన గౌరవము నిచ్చును గాని, ఇంటింట అన్నము పెట్టి, జత కూర్చి, పిల్లలను పెంచువారు లేనిదే ఏ జాతియు నిలువదు. సొంత సీమకు దూరమున, ఇంటి మాటగా తెలుగును నిలుపుకొనుచున్న మన కుటుంబములకు ఈ సత్యము వేరుగ చెప్పనక్కరలేదు.

తమిళనాట రాజపాళయమున తరతరములుగా స్థిరపడిన తెలుగు రాజులు పెంచి పోషించిన తెల్లని వేటజాగిలము ఆ యూరి పేరనే ప్రసిద్ధి గాంచెను. కన్నడనాట ముధోల్ జాగిలము కలదు. 2005లో భారత తపాలాశాఖ ఈ రెండు జాతుల చిత్రములతో బిళ్లలను వెలువరించెను. ఓదాతే వారు తమ కుక్కకై చేసిన పనిని మెచ్చుకొనువారు, అకితాను కొనుటకు ముందు, మన యెండకు అలవడిన ఈ జాగిలములను ఒకమారు చూచిరావలెనని మా మనవి.