పెనం ముందు మనిషి: అమెరికన్ హాంబర్గర్ చరిత్రలో శ్రమ

1905లో అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ నవలను ఒక సోషలిస్టు వారపత్రికలో ధారావాహికగా ప్రచురించాడు. షికాగో కబేళాల్లో పనిచేసే లిథువేనియా వలస కార్మికుల బతుకు దాని వస్తువు. 1906లో పుస్తకంగా వచ్చాక అమెరికన్ మధ్యతరగతి అదిరిపడింది. అయితే దేనికి? కార్మికుల వొళ్లు గుల్లవుతున్నందుకు కాదు, తన పళ్లెంలోకి కుళ్లిన మాంసం వస్తున్నందుకు. ఆ యేడాదే మాంసం తనిఖీ చట్టం వచ్చింది. కబేళా కార్మికుడి కూలికీ పనిగంటలకూ అందులో చోటు లేదు. తన గురి వొకటైతే తగిలింది మరొకచోట అని సింక్లెయిరే వాపోయాడు. రచయిత మనిషిని చూపిస్తే పాఠకుడు మాంసాన్ని చూశాడు. హాంబర్గర్ చరిత్రను యిక్కడినుంచే చదవాలి.

దాన్ని మొదట యెవరు చేశారన్న తగాదా అమెరికాలో చాలా వూళ్ల మధ్య వుంది. మనకది అనవసరం. పేరు జర్మనీలోని హాంబర్గ్ నగరానిది. తిన్నది మాత్రం సంతల్లో తిరిగే జనం, ఫ్యాక్టరీ కూలీలు. సింక్లెయిర్ నవల తర్వాత కైమా అంటేనే జనానికి అనుమానం పట్టుకుంది. 1921లో కాన్సస్ రాష్ట్రం విచిటాలో వాల్టర్ ఆండర్సన్ అనే వంటవాడు, బిల్లీ ఇన్‌గ్రామ్ అనే వ్యాపారి కలిసి ‘వైట్ క్యాజిల్’ తెరిచారు. తెల్లగోడలు, తెల్లబట్టలు, అందరికీ కనిపించే పెనం, అయిదు సెంట్ల ధర. ఆ తెలుపంతా నవల పుట్టించిన భయానికి సమాధానం. ఒక నవల ఒక హోటలు గోడల రంగును నిర్ణయించడం సాహిత్య విద్యార్థులు గమనించదగ్గ విషయం.

యింతకీ మంచి హాంబర్గర్ యేది? అప్పుడే కైమా కొట్టిన గొడ్డుమాంసంలో దాదాపు అయిదో వంతు కొవ్వుండాలి. తగ్గితే యెండిపోతుంది. మాంసాన్ని పిసక్కూడదు, పిసికితే బిరుసెక్కుతుంది. ఉప్పు కూడా ముందే కలపకుండా పెనం మీద వేసే వేళకే చల్లాలి. పెనం బాగా కాలివుండాలి. మాంసం వుండను వేసిన తొలి అరనిమిషంలోనే, కొవ్వు యింకా కరగకముందే, అట్లకాడతో గట్టిగా అదిమెయ్యాలి. అప్పుడే అడుగు గోధుమరంగులో మాడీ మాడనట్టు పట్టు కడుతుంది. రుచంతా ఆ పట్టులో వుంది. ఆలస్యంగా అదిమితే రసం కారిపోయి పిప్పి మిగులుతుంది. ఉల్లిపాయ ముక్కల ఆవిరి తగిలి బన్ను మెత్తబడాలి. వెనిగర్లో వూరిన దోసకాయ ముక్క, ఆవాల ముద్ద కొవ్వు వెగటును విరుస్తాయి. మన హోటళ్లలో పెనం మీద నీళ్లు చిలకరించి ‘చుయ్’మన్న చప్పుడునుబట్టి పెసరట్టు వేసే వంటమాస్టరుకు యీ విద్య విడమరిచి చెప్పనక్కర్లేదు. యిది పుస్తకంలో కాదు, చేతిలో వుండే జ్ఞానం.

ఆ జ్ఞానాన్ని చేతినుంచి వేరుచేసిన సంవత్సరం 1948. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు బాగా నడుస్తున్న హోటల్ని కొన్ని నెలలు మూసేశారు. కార్ల దగ్గరికి తిండి తెచ్చిచ్చే అమ్మాయిలను పనిలోంచి తీసేశారు. కత్తీ ఫోర్కూ అవసరమైన వంటకాలన్నీ యెత్తేశారు. పింగాణీ పళ్లేల బదులు కాగితం వచ్చింది. కొన్నేళ్ల తర్వాత కొత్త వంటగది నమూనాను టెన్నిస్ కోర్టు మీద సుద్దతో గీసి, యెవరు యెన్ని అడుగులు వెయ్యాలో కూడా కొలిచారు. వొకడు కాల్చాలి, మరొకడు పొట్లం కట్టాలి, యింకొకడు బంగాళాదుంపలు వేయించాలి. హాంబర్గర్ 15 సెంట్లకు వచ్చింది. ఫోర్డు కారు ఫ్యాక్టరీ వంటింట్లోకి అడుగుపెట్టింది.

1955లో రే క్రాక్ యీ పద్ధతిని పట్టుకుని యిల్లినాయ్‌లో తన మొదటి దుకాణం తెరిచాడు. మాంసం బిళ్ల బరువు 1.6 ఔన్సులు, అంటే పౌనుకు పది. 1958 నాటి నియమావళిలో బిళ్లలను ఆరేసి చొప్పున ఆరు వరసలు పేర్చాలనీ, వేడి తక్కువ తగిలే మొదటి రెండింటినీ వదిలి మూడో వరసనుంచి తిరగెయ్యాలనీ వుంది. పెనం ముందు నిలబడ్డవాడు తన కళ్లతో కనిపెట్టే సంగతి అది! అది కాగితమెక్కాక కనిపెట్టే మనిషి అక్కర్లేకపోయాడు. యెవర్నయినా పెట్టుకోవచ్చు, యెప్పుడైనా తీసెయ్యొచ్చు. 1960ల చివర గడ్డకట్టించిన మాంసం వచ్చింది. 1980ల్లో రెండువైపులా వొకేసారి కాల్చే యంత్రం వచ్చి తిరగేసే పనీ పోయింది.

రుచి పోయిందని మాత్రమే వాపోవడం నాకు అంగీకారం కాదు. 15 సెంట్లకు కూలి కుటుంబం బయట కూర్చుని వేడిగా తినగలగడం చిన్న విషయం కాదు. యంత్రాన్ని తిట్టి లాభమూ లేదు. అడగాల్సింది, మిగిలిన శ్రమ యెవరికి మిగిలిందని. హాంబర్గర్ మీద రాసే విమర్శకులు మాంసంలో కొవ్వుపాలు లెక్కగడతారు. కాల్చినవాడి గంటకూలి ఆ లెక్కలో కనిపించదు. సింక్లెయిర్ పాఠకుల చూపే యిదీను.

సోదరులిద్దరూ 1961లో 27 లక్షల డాలర్లకు తమ హక్కులను క్రాక్‌కు అమ్మేశారు. పేరూ దాంతోనే పోయింది. తమ సొంత హోటలు బోర్డు మార్చుకోవలసివచ్చింది. 2012 నవంబరులో న్యూయార్క్ దుకాణాల కార్మికులు గంటకు 15 డాలర్ల కూలి, యూనియన్ హక్కు కోరుతూ పెనాలు వదిలి వీధిలోకి వచ్చారు. ఆ పోరాటం యితర నగరాలకు పాకింది. మెక్‌డొనాల్డ్ సోదరులు సుద్దగీతలు గీసిన కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్ద గొలుసు దుకాణాల కార్మికుడికి గంటకు 20 డాలర్ల కనీస వేతనం చట్టమయింది. యాజమాన్యాలు అప్పుడే ధరలు పెరుగుతాయని గొడవపెట్టాయి.